దుస్తుల మీద ఒంటి కొలతలు అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక మహిళల పేజీలో ఇటీవల బరువు తగ్గడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. నెల రోజుల్లో అయిదు కిలోలు తగ్గితే దుస్తుల సైజు రెండు మెట్లు దిగుతుందని అందులో రాశారు. నా దుకాణానికి వచ్చే ఆడవాళ్లు చాలామంది ఆ మాట నమ్మారు. ఆ లెక్క ప్రకారం తమ ఒళ్లు దిగలేదని దిగులుపడుతూ వారం తిరగకుండానే కొందరు నా దగ్గరికి వచ్చారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడవైనా దయచేసి పూర్తిగా వేయండి.

నేను నల్లగొండలో ప్రకాశం బజారు దగ్గర ఆడవాళ్ల బట్టలు కుడతాను. పెళ్లికి ముందు మా అమ్మ పక్కన కూర్చుని కాజాలు కుట్టడంతో మొదలైన పని ఇది. నేను వైద్యురాలిని కాను. కానీ ఒకే మనిషిని కాలేజీ రోజుల్లో, పెళ్లికి, బిడ్డ పుట్టాక, ముట్లు ఆగిపోయే వయసులో మళ్లీ మళ్లీ టేపు పెట్టి కొలిచేది దర్జీయే. బరువు తూచే యంత్రం ఒక్క అంకె చెబుతుంది. నా కొలతల పుస్తకంలో ఒక్కో మనిషికి ఛాతీ, ఛాతీ కింది చుట్టు, భుజం, చంక, చేతి చుట్టు, ముందు నిడివి, వెనక నిడివి, మెడ లోతు విడివిడిగా ఉంటాయి. మనిషి సన్నబడినప్పుడు అవన్నీ కలిసి ఒకే తీరుగా తగ్గవు. కొన్ని అసలు తగ్గవు. రెండు సైజులు దిగుతారన్న మాటలో పొరపాటు అక్కడే ఉంది.

భుజం సంగతి చూడండి. ఈ చివరి ఎముక నుంచి ఆ చివరి ఎముక దాకా ఉన్న వెడల్పు పది కిలోలు తగ్గినా దాదాపు అంతే ఉంటుంది. తగ్గేది కొవ్వు. అది ఎక్కడ ముందు తగ్గుతుందో మన చేతిలో లేదు. ఒకరికి ముఖం, ఛాతీ ముందుగా తగ్గుతాయి. ఇంకొకరికి పొట్ట దిగుతుంది కానీ దండచేయి అలాగే ఉంటుంది. తుంటి దగ్గర పేరుకున్న కొవ్వు చాలామంది ఆడవాళ్లలో మొండిగా ఉండి ఆఖరున కదులుతుంది. అందుకే సన్నబడ్డ మనిషి జాకెట్టు తెచ్చి పక్క కుట్లు లోపలికి వేయమంటే పని అంతటితో అయిపోదు. పక్కలు పట్టిస్తే చంక కిందికి జారుతుంది. డాట్లు, అంటే ఛాతీ దగ్గర ఒంటి తీరుకు వేసే మడత కుట్లు, పాత చోటే ఉండిపోయి ముందు భాగం ముడతలు పడుతుంది. మెడ వదులై భుజం మీద నుంచి దిగుతుంది. కొలత తేడా రెండు అంగుళాలు దాటితే పాత జాకెట్టును సరిచేయడం కన్నా కొత్తది కుట్టించుకోవడమే మేలని నేను ముందే చెప్పేస్తాను. కుట్లు విప్పి మళ్లీ కత్తిరించడానికి పట్టే శ్రమ కొత్త జాకెట్టు శ్రమ కన్నా తక్కువేమీ కాదు.

ఇక కిలోల లెక్క. మన దగ్గర రెడీమేడ్ కుర్తాల్లో 36, 38, 40, 42 అని ఒక్కో సైజుకూ మధ్య రెండు అంగుళాల తేడా ఉంటుంది, అంటే సుమారు 5 సెంటీమీటర్లు. కిలో బరువు తగ్గితే నడుము చుట్టు స్థూలంగా ఒక సెంటీమీటరు తగ్గుతుందని చెబుతారు. ఆ లెక్కన చూసినా అయిదు కిలోలకు ఒక సైజు అవుతుంది, రెండు కావు. అదీ అందరికీ వర్తించదు. అయిదడుగులు కూడా లేని మనిషిలో అయిదు కిలోలు తగ్గితే జాకెట్టు వదులైనట్టు వెంటనే తెలుస్తుంది. పొడవుగా, భారీగా ఉన్న మనిషిలో అదే అయిదు కిలోలు ఒళ్లంతా పరుచుకుని తగ్గుతాయి కాబట్టి ఏ ఒక్క చోటా టేపుకు పెద్దగా అందవు. ఆమెకు ఒక సైజు దిగడానికి ఏడెనిమిది కిలోలు పట్టవచ్చు. ఎక్కువ బరువున్న వాళ్లు ఎక్కువ కష్టపడుతున్నా బట్టల్లో తేడా ఆలస్యంగా కనిపిస్తుందన్న మాట. సరిగ్గా ఆ సమయంలోనే చాలామంది విసిగి మానేస్తారు. మీ వ్యాసంలో ఈ ఒక్క మాట రాసి ఉంటే ఎందరికో ధైర్యంగా ఉండేది.

మొదటి వారంలో తగ్గే రెండు మూడు కిలోలను చూసి మురిసిపోయేవారికీ ఒక మాట చెప్పాలి. అన్నం ఒక్కసారిగా తగ్గించేస్తే కండరాల్లో, కాలేయంలో నిలవ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంది. దానితోపాటు పట్టి ఉన్న నీరు బయటికి పోతుంది. ఒక గ్రాము నిలవకు మూడు గ్రాముల దాకా నీరు అంటి ఉంటుంది. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. రెండు మూడు కిలోల కొవ్వు కరగడం వారంలో అయ్యే పని కాదు. కాబట్టి తూకంలో మూడు కిలోలు దిగినా టేపు మీద అర అంగుళమే కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర లేదు.

దీనికి ఎదురుగా జరిగేది కూడా నేను చూశాను. ఒక టీచరమ్మ ఏడాదిగా తెల్లవారుజామున మేకల అభినవ్ మైదానం దగ్గర నడుస్తూ, ఇంట్లో డంబెల్స్ ఎత్తుతూ ఉంది. బరువు ఒక్క కిలో మాత్రమే తగ్గిందని కళ్లనీళ్లు పెట్టుకుంది. కొలిస్తే ఛాతీ కింది చుట్టు రెండు అంగుళాలు, పొట్ట దగ్గర అంతకన్నా ఎక్కువే తగ్గింది. కండకు కొవ్వు కన్నా సాంద్రత ఎక్కువ. ఒక కిలో కొవ్వు ఆక్రమించే చోటు కన్నా ఒక కిలో కండ ఆక్రమించే చోటు తక్కువ. పాత పేజీ తీసి రెండు వరుసల అంకెలూ పక్కపక్కన చూపించాక ఆమె ముఖం తేటపడింది. తూకం యంత్రం మీద కన్నీళ్లు పెట్టుకునే వాళ్లందరికీ ఇలాంటి పాత పేజీ ఒకటి ఉంటే ఎంత బాగుండునో.

ఇప్పుడు అసలైన విషయానికి వస్తాను. మన ఆడవాళ్లు ఎక్కువగా కట్టే బట్టలు ఒంట్లో వచ్చే మార్పును బయటపెట్టవు. చీరకు సైజు లేదు. లంగాకు బొందు ఉంటుంది, ఎంత పొట్ట పెరిగినా ముడి కాస్త ఇవతలికి వేసుకుంటే సరిపోతుంది. ఇంట్లో నైటీ, బయటికి వెళ్తే ఎలాస్టిక్ లెగ్గింగు. మొత్తం కట్టులో ఒంటిని పట్టి ఉండేది జాకెట్టు ఒక్కటే. ఆ జాకెట్టు కూడా నడుము దాకా రాదు. మేము జాకెట్టుకు నడుము కొలత అని రాసుకునేది ఛాతీ కింద పక్కటెముకల మీద తీసే చుట్టు. పొట్ట ఎంత పెరిగినా ఆ కొలతలో కనిపించదు. చేతులు సన్నగా, జాకెట్టు 34 సైజు, చూసేవాళ్లకు నాజూకుగా ఉన్న మనిషికే పొట్ట చుట్టు 90 సెంటీమీటర్లు దాటిన సందర్భాలు నాకు తెలుసు. ముట్లు ఆగే వయసులో ఇది మరీ ఎక్కువ. తూకం పెద్దగా మారకపోయినా, కొవ్వు తుంటికి బదులు పొట్ట దగ్గర చేరుతుంది.

మన దేశపు వైద్యనిపుణులు కలిసి 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆడవాళ్లకు నడుము చుట్టు 80 సెంటీమీటర్లు దాటకూడదు, మగవాళ్లకు 90. అమెరికాలో వాడే హద్దు కన్నా ఇది తక్కువ. ఎందుకంటే మనవాళ్లకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగరు, గుండె జబ్బులు వస్తాయి. ఆ 80 సెంటీమీటర్లు జాకెట్టు నడుము దగ్గర కొలవకూడదు. పక్కటెముకల్లో అన్నిటికన్నా కిందిదాన్ని వేలితో తడిమి, తుంటి ఎముక పై అంచును తడిమి, ఆ రెండిటికీ సరిగ్గా మధ్యన టేపు పెట్టాలి. నిటారుగా నిలబడి, ఊపిరి మామూలుగా వదిలాక చూసుకోవాలి. పొట్ట లోపలికి పీల్చకూడదు, టేపు నేలకు సమాంతరంగా ఉండాలి, ఒంటికి ఆనాలి కానీ నొక్కకూడదు. చీర మీద, లంగా ముడి మీద కొలిస్తే కొలత తప్పుతుంది. ఏళ్ల తరబడి వాడిన గుడ్డ టేపు సాగిపోతుంది కాబట్టి అప్పుడప్పుడు స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోవాలి. నేను నా దుకాణంలో టేపును ఏటా మారుస్తాను.

మా వృత్తిలో ఆది జాకెట్టు అని ఉంటుంది. కొత్త జాకెట్టు కుట్టడానికి కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు. కొలతలు ఇవ్వడానికి సిగ్గుపడి, తీరిక లేక, ఇరవై ఏళ్ల వయసులో సరిపోయిన ఆది జాకెట్టునే నలభయ్యో ఏట కూడా పంపేవాళ్లున్నారు. కూతురి చేతికిచ్చి పంపుతారు, ఆటో అతనితో పంపుతారు. ఆది ఇచ్చినా మనిషి వచ్చి నిలబడితేనే నేను గుడ్డకు కత్తెర పెడతాను. దీనివల్ల కొన్ని బేరాలు పోయాయి, పోనివ్వండి. ఆడది తన ఒంటి కొలత తాను తెలుసుకోకుండా, పాత గుడ్డ చెప్పిందే నిజం అనుకుంటూ ఏళ్లు గడిపేయడం నాకు నచ్చదు.

ఇంకొక చిన్న సంగతి. ఒళ్లు వచ్చిందని, జాకెట్టు బిగిసిందని వచ్చేవాళ్లలో కొందరికి అసలు ఒళ్లు రాలేదు. లైనింగు గుడ్డ కుంచించుకుపోయింది. తడిపి ఆరబెట్టకుండా కోరా నూలు లైనింగు కత్తిరించి కుడితే మొదటి ఉతుకులోనే నూటికి మూడు నుంచి అయిదు వంతులు తగ్గుతుంది. 36 అంగుళాల చుట్టులో అది ఒక అంగుళం పైమాటే. పై గుడ్డ సిల్కు, లోపలి గుడ్డ నూలు అయితే పై గుడ్డ ఉబ్బి, లోపల పట్టేసినట్టవుతుంది. ఆ అంగుళం చూసి అన్నం మానేసిన పిల్లను నేను ఎరుగుదును.

రెడీమేడ్ బట్టల దగ్గరికి వస్తే నా కోపం ఎక్కువవుతుంది. హైదరాబాదు రోడ్డులో, క్లాక్ టవర్ చుట్టుపక్కల పెద్ద పెద్ద దుకాణాలు వచ్చాయి. మంచిదే, పిల్లలకు ఎంచుకోవడానికి బోలెడన్ని రకాలు దొరుకుతున్నాయి. కానీ ఒక కంపెనీ ఎల్ అన్నదాన్ని ఇంకొకరు ఎక్స్‌ఎల్ అంటారు. ఒకరి 38 అంటే 38 అంగుళాల ఛాతీ ఉన్న ఒంటికి సరిపోయే కుర్తా. మరొకరి 38 అంటే కుర్తా గుడ్డ చుట్టు 38. దాన్ని 36 ఛాతీ ఉన్న మనిషే హాయిగా వేసుకోగలదు, ఎందుకంటే ఊపిరికి, చేయి ఎత్తడానికి కనీసం రెండు అంగుళాలు లూజు కావాలి. బట్ట మీద మాత్రం రెండిటికీ ఒకే అంకె. ట్రయల్ గదిలో ఒకటి పట్టి, ఇంకొకటి పట్టక, "అక్కా, నెలలో ఒక సైజు పెరిగాను" అంటూ నా దగ్గరికి వస్తారు. ఒకే రోజు కొన్న రెండు కుర్తాలను బల్ల మీద పరిచి, చంక కింద టేపు పెట్టి చూపిస్తే అప్పుడు నమ్ముతారు. చెమటోడ్చి నాలుగు కిలోలు తగ్గిన మనిషిని ఒక తప్పుడు అంకె మళ్లీ మొదటికి తెస్తోంది. వేరే కంపెనీలో అదే ఒళ్లు ఒక సైజు చిన్నగా తేలితే, లేని తగ్గుదలను చూసి సంతోషించి నడక మానేసే వాళ్లూ ఉన్నారు. రెండూ నష్టమే.

ఈ గందరగోళం మన దగ్గర పుట్టింది కాదు. అమెరికా వ్యవసాయ శాఖ 1939, 1940లో దాదాపు 15,000 మంది ఆడవాళ్లను ఒక్కొక్కరిని 59 చోట్ల కొలిపించింది. తెల్లజాతి వారి కొలతలనే లెక్కలోకి తీసుకున్నారు. కూలి డబ్బులు ఇస్తామంటే పేదవాళ్లు ఎక్కువగా వచ్చారని కూడా అంటారు. 1958లో అక్కడి ప్రభుత్వం దుస్తుల సైజులకు ఒక ప్రమాణం ప్రకటించింది. అది ఆడవాళ్ల ఒళ్లకు సరిగా సరిపోలేదు, 1983లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తరవాత ఏ కంపెనీ అంకె ఆ కంపెనీదే అయింది. చిన్న అంకె చూస్తే కొనేవాళ్లు సంతోషిస్తారని తెలిసి, అదే కొలత బట్ట మీద ఏళ్లు గడిచేకొద్దీ తక్కువ అంకె వేస్తూ వచ్చారు. ఆ అలవాటే బట్టలతో పాటు మనకూ వచ్చింది.

మన దేశంలో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ, నిఫ్ట్, ఇండియాసైజ్ పేరుతో ఒక సర్వే చేపట్టింది. హైదరాబాదుతో సహా ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 25,000 మందిని కెమెరా యంత్రాలతో కొలిచి భారతీయుల ఒళ్లకు తగిన సైజు పట్టిక తయారు చేయడం దాని ఉద్దేశం. మంచి పని, నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే నగరాల్లో కొలిచిన ఒళ్లే దేశమంతటి ఒళ్లు కావు. నాట్లు వేసి, పత్తి ఏరి భుజాలు గట్టిపడ్డ దేవరకొండ వైపు ఆడవాళ్లు, ఏటా వలస వెళ్లి మట్టి తట్టలు మోసే పాలమూరు ఆడవాళ్లు ఆ పట్టికలో ఉండాలి. వాళ్లకు ఛాతీ 34 ఉంటే భుజం, దండచేయి 38 సైజు మనిషికి ఉన్నంత ఉంటాయి. అలాంటివారికి రెడీమేడ్ జాకెట్టు చేతుల దగ్గర పట్టదు, పట్టేది కొంటే ఛాతీ దగ్గర సంచిలా వేలాడుతుంది.

మా జిల్లాకు ఇంకొక బాధ ఉంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పల్లెల్లో దశాబ్దాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను వంగిపోయిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంటింటికీ మంచినీళ్లు వచ్చాక చిన్నపిల్లలకు ఆ ముప్పు తగ్గింది కానీ అప్పటికే వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. వాళ్లకు జాకెట్టు వెనక నిడివి పెంచి, ముందు నిడివి తగ్గించి, మెడను ముందుకు జరిపి కత్తిరించాలి. హుక్కులు ముందుకే పెట్టాలి, వెనక పెడితే చేతులు అందవు. వాళ్లలో ఒక పెద్దావిడ బరువు నలభై కిలోలు కూడా లేదు. దుకాణాల్లో చిన్న సైజు తెచ్చి ఇస్తారు, అది ఆమె వీపు మీద పైకి లేచి నిలుస్తుంది. సైజు అనేది లావు సన్నాలకు మాత్రమే సంబంధించినది అనుకునేవాళ్లు ఆమెను ఒకసారి కొలిచి చూడాలి.

పెళ్లికూతుళ్ల గురించి చెప్పకుండా ఉండలేను. మగ్గం పని జాకెట్టు అంటే ముహూర్తానికి నెలన్నర, రెండు నెలల ముందే కొలతలు ఇవ్వాలి. గుడ్డ మీద మెడ, చేతుల గీతలు గీశాక పూసలు, జరీ కుట్టి, ఆ తరవాత కత్తిరిస్తాం. కొలత ఇచ్చిన మర్నాటి నుంచి పిల్ల అన్నం మానేస్తుంది. ఫొటోల్లో సన్నగా కనబడాలి అంటుంది. పెళ్లి వారం వచ్చేసరికి ఎనిమిది వేలు, పదివేలు పెట్టి చేయించిన జాకెట్టు భుజం నుంచి జారుతుంది. పక్కలు పట్టిద్దామంటే చేతుల మీది పని అంచు కుట్టులోకి వెళ్లిపోతుంది. అది సరిచేయగలను, రాత్రంతా కూర్చునైనా చేస్తాను. కానీ కొలతల కోసం నిలబడ్డ పిల్ల కళ్లు తిరిగి నా కుర్చీలో కూలబడితే నేనేం చేయగలను? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అదే సర్వేలో నూటికి ముప్పై మంది అధిక బరువుతో ఉన్నారు. రెండూ ఒకే రాష్ట్రంలో, కొన్ని ఇళ్లలో ఒకే మనిషిలో ఉన్నాయి. రక్తం లేని పిల్లకు అన్నం మానమని చెప్పే వ్యాసం ఎవరికి మేలు చేస్తుంది? పెళ్లికూతురి తల్లులకు నేను చెప్పేది ఒకటే. తగ్గాలనుకుంటే కొలతలు ఇవ్వడానికి ముందే నాలుగైదు నెలలు తీసుకుని, పప్పు, గుడ్లు, ఆకుకూరలు తింటూ నెమ్మదిగా తగ్గనివ్వండి. కొలతలు ఇచ్చాక ఉన్న ఒంటిని ఉన్నట్టు నిలుపుకోనివ్వండి.

ఇక ఈ ఉత్తరం రాయడానికి అన్నిటికన్నా పెద్ద కారణం. తగ్గాలని ప్రయత్నించకుండానే తగ్గిపోయేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. జాకెట్టు వదులైందని, కుట్లు వేయమని నవ్వుతూ ఇస్తారు. పక్కన ఉన్నవాళ్లు "ఎంత బాగా తగ్గావమ్మా, ఏం చేశావు" అని మెచ్చుకుంటారు. ఏమీ చేయలేదంటుంది ఆమె. అక్కడ నేను మెచ్చుకోను. పుస్తకం తీసి పాత కొలతలు చూస్తాను. ఆరు నెలల్లో చుట్టు కొలతలు మూడు అంగుళాలు పడిపోయి ఉంటే, కుట్టు పని పక్కన పెట్టి ముందు అడుగుతాను. దాహం ఎక్కువవుతోందా, రాత్రి మూత్రానికి లేస్తున్నావా, సాయంత్రం పూట జ్వరం వస్తోందా, దగ్గు తగ్గడం లేదా, గుండె దడదడలాడుతోందా అని. ప్రయత్నం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఉన్న బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే పరీక్ష చేయించుకోవాలని వైద్యులు చెబుతారు. అరవై కిలోల మనిషికి అది మూడు కిలోలు. షుగరు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, క్షయ, ఇంకా పెద్ద జబ్బులు కూడా అలా మొదలవుతాయి. కూరగాయలు అమ్మే ఒకావిడ జాకెట్టు చేతులు రెండోసారి బిగించమని వచ్చినప్పుడు, పట్టుబట్టి ప్రభుత్వ ఆసుపత్రికి పంపాను. షుగరు చాలా ఎక్కువ ఉందని తేలింది. మందులు మొదలుపెట్టాక మళ్లీ ఒళ్లు పట్టింది. వేసిన కుట్లు నేనే విప్పి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు.

అలా విప్పడానికి వీలు ఉండటం కూడా చిన్న విషయం కాదు. పక్క కుట్లలో రెండు వైపులా ఒక అంగుళం, అంగుళంన్నర గుడ్డ లోపల వదలడం మా అమ్మ నేర్పిన పద్ధతి. ఒళ్లు పెరిగినా తరిగినా జాకెట్టు మనిషితో పాటు నడుస్తుంది. రెడీమేడ్ బట్టల్లో అర అంగుళం కూడా వదలరు, ఓవర్‌లాక్ కొట్టి అంచు కోసేస్తారు. తగ్గితే పట్టించుకోవచ్చు కానీ పెరిగితే పారేయడమే. తగ్గిన బరువు మళ్లీ పెరగడం చాలామందికి జరిగేదే. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బీరువాలో మూడు సైజుల బట్టలు పెట్టుకుని, వాటిలో చిన్నదాన్ని చూసి రోజూ నొచ్చుకోవడం మాత్రం మంచిది కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇప్పుడున్న ఒంటికి సరిపోయేలా రెండు జతలైనా కుట్టించుకోమంటాను. ఆ జతలు లేక, బయటికి వెళ్లడమే మానేసిన వాళ్లు ఉన్నారు. నడకకు కూడా వెళ్లడం లేదు.

దుకాణదారులకు, తయారీదారులకు నా విన్నపం ఇది. విడిగా అమ్మే దుస్తుల మీద ఎస్, ఎం, ఎల్ వంటి గుర్తులతో పాటు సైజును సెంటీమీటర్లలోనో మీటర్లలోనో తెలపాలని కేంద్రం తూనికలు కొలతల నిబంధనల సవరణలో 2022లోనే చెప్పింది. చాలా కుర్తాల మీద ఒక్క ఛాతీ అంకె వేసి ఊరుకుంటున్నారు. అది ఒంటి కొలతో, గుడ్డ కొలతో చెప్పరు. ఛాతీ, నడుము, తుంటి, ఈ మూడు ఒంటి కొలతలు సెంటీమీటర్లలో, చదవగలిగే అక్షరాల్లో, తెలుగులో కూడా వేయండి. ఖర్చు ఒక చిన్న చీటీ. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట చీరల వెంట జాకెట్టు గుడ్డ ఇచ్చేవాళ్లకు కూడా ఒక మాట. గుడ్డ 80 సెంటీమీటర్లు ఉంటే లావుగా ఉన్న మనిషికి చేతులు రావు. ఒక మీటరు ఇవ్వండి. చీర నేసిన చేతులకు ఆ ఇరవై సెంటీమీటర్లు భారం కాదని నా నమ్మకం, ధర కాస్త పెంచినా ఇస్తాం.

మీ పత్రికను అడిగేది కూడా ఉంది. ఇన్ని కిలోలకు ఇన్ని సైజులు అనే మాట ఇక మీదట వేయకండి. వేయాల్సి వస్తే ఎత్తు, ఒడ్డు, వయసును బట్టి మారుతుందని పక్కన రాయండి. తగ్గడాన్ని మెచ్చుకునే ప్రతి వ్యాసం చివర, కారణం లేకుండా తగ్గితే ఆసుపత్రికి వెళ్లమని ఒక వాక్యం చేర్చండి. నడుము ఎక్కడ, ఎలా కొలుచుకోవాలో ఒక బొమ్మ గీయించి ఆదివారం సంచికలో వేయండి. చీర కట్టుకున్న మనిషి బొమ్మ వేయించండి, టేపు ఎక్కడ పెట్టాలో మా ఆడవాళ్లకు అలాగే అర్థమవుతుంది. బొమ్మ గీసేవారికి కొలత చోటు చూపించడానికి నన్ను పిలిస్తే, పని ఆపుకుని వస్తాను. దసరా ముందు నెల మాత్రం వద్దు, అప్పుడు గల్లాపెట్టె పక్కన కూడా కుట్టాల్సిన మూటలు ఉంటాయి.

ఇట్లు,
ఒక మహిళా దర్జీ,
ప్రకాశం బజారు, నల్లగొండ